వైజాగ్ నుంచి హెచ్‌బీసీయూకి: ఎలా ఎంచుకోవాలి, ఎలా చేరాలి, చేరాక ఎలా మసలుకోవాలి

అమెరికాలో ఎమ్మెస్ అనగానే మన వైజాగ్‌లో అందరి నోటా అవే పది పన్నెండు యూనివర్సిటీల పేర్లు వినిపిస్తాయి. ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ఇంచుమించు అదే లిస్టు చేతిలో పెడతారు. ఆ లిస్టులో సాధారణంగా కనిపించని యూనివర్సిటీల గురించి ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను చదివింది అలాంటి చోటే, ఈరోజు నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే ఆ చదువు వల్లే. వాటిని హెచ్‌బీసీయూలు అంటారు, అంటే హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్. నల్లజాతి పిల్లల్ని మిగతా కాలేజీలు గేటు దగ్గరే ఆపేసిన కాలంలో వాళ్ళ కోసం పుట్టిన విద్యాసంస్థలు. మాది గాజువాక. బీటెక్ ఇక్కడే చేసి, నార్త్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో ఊళ్ళో ఉన్న నార్త్ కరొలైనా ఎ అండ్ టి స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేశాను. జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి మొదటినుంచీ చివరిదాకా ఒకేచోట చెప్పేస్తాను.

ముందు అవేంటో తెలుసుకోండి

అప్లికేషన్ సంగతి తర్వాత. మీరు వెళ్ళే చోటు ఎలా పుట్టిందో తెలియకుండా వెళ్తే సగం చదువు పోయినట్టే.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల ఒకప్పుడు బానిసలకి చదవడం, రాయడం నేర్పడమే నేరం. నార్త్ కరొలైనాలో కూడా 1830ల నాటికే అలాంటి చట్టం ఉంది. ఉత్తరాన పెన్సిల్వేనియాలో 1837లో ఒక స్కూలు మొదలైంది, అదే ఇప్పటి చేనీ యూనివర్సిటీ, హెచ్‌బీసీయూల్లో అన్నిటికన్నా పాతది. అంతర్యుద్ధం 1865లో ముగిశాక ఒక్కసారిగా చాలా వచ్చాయి: నాష్‌విల్‌లో ఫిస్క్ 1866లో, వాషింగ్టన్‌లో హోవార్డ్, ఇప్పుడు అట్లాంటాలో ఉన్న మోర్‌హౌస్ 1867లో, వర్జీనియాలో హాంప్టన్ 1868లో, అలబామాలో టస్కీగీ 1881లో. తర్వాత 1890లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. వ్యవసాయ, ఇంజినీరింగ్ కాలేజీలకి కేంద్రం డబ్బు కావాలంటే రాష్ట్రాలు నల్లజాతి పిల్లల్ని ఉన్న కాలేజీల్లోనే చేర్చుకోవాలి, లేదా వాళ్ళకి వేరే కాలేజీ పెట్టాలి. దక్షిణాది రాష్ట్రాలు చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు, వేరేగా పెట్టాయి. అలా 1891లో పుట్టిందే మా ఎ అండ్ టి. వద్దనుకున్న వాళ్ళ కోసం ఒక మూల పెట్టిన కాలేజీ, ఈరోజు విద్యార్థుల సంఖ్యలో దేశంలోని హెచ్‌బీసీయూలన్నిటిలోకీ పెద్దది.

1964కి ముందు, ముఖ్యంగా నల్లజాతి వాళ్ళ చదువు కోసమే స్థాపించిన గుర్తింపు ఉన్న సంస్థల్నే చట్టం హెచ్‌బీసీయూలు అంటుంది. మొత్తం సుమారు వంద ఉన్నాయి. అన్ని జాతుల వాళ్ళూ చేరొచ్చు, ఇప్పుడు చదువుతున్న వాళ్ళలో దాదాపు నాలుగో వంతు నల్లజాతీయేతరులే. కాబట్టి "మనల్ని చేర్చుకుంటారా" అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఎవరెవరు చదివారో కూడా చూడండి. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో మోర్‌హౌస్ నుంచి డిగ్రీ తీసుకున్నారు. స్కూళ్ళలో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన కేసు వాదించి, తర్వాత అదే కోర్టులో జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ హోవార్డ్ లా స్కూల్ విద్యార్థి. నాసా రాకెట్ల దారిని చేతిలెక్కలతో సరిచూసిన కేథరిన్ జాన్సన్ వెస్ట్ వర్జీనియా స్టేట్‌లో చదివారు. ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నేర్ మా ఎ అండ్ టిలో 1971లో ఫిజిక్స్ డిగ్రీ చేశారు. చెన్నై నుంచి వెళ్ళిన తల్లికి పుట్టి, అమెరికా ఉపాధ్యక్షురాలైన కమలా హారిస్ 1986లో హోవార్డ్ నుంచి బయటికొచ్చారు.

ఇంట్లో ఎలా చెప్పాలి

అప్లికేషన్ కంటే ఇదే కష్టం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మీరు హెచ్‌బీసీయూ అని చెప్పగానే ఇంట్లో ఎవరో ఒకరు, అమ్మానాన్నా కాకపోతే పెద్దనాన్నో పిన్నో, "నల్లోళ్ళ కాలేజీకా? ఇంకెక్కడా సీటు రాలేదా?" అనేస్తారు. కోపం తెచ్చుకోకండి. నల్లగా పుట్టిన ఆడపిల్లని చూసి "సంబంధం ఎలా కుదురుతుందో" అని పురిట్లోనే దిగులుపడే ఇళ్ళు మనవి, ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తోందో మనకి తెలియంది కాదు. కానీ మౌనంగా కూడా ఊరుకోకండి. ఆ మాటకి ఇంట్లోనే జవాబు చెప్పలేకపోతే అక్కడికెళ్ళి వాళ్ళ మధ్య రెండేళ్ళు ఎలా ఉంటారు?

చెప్పాల్సిన మొదటి సంగతి ఇది. 1965కి ముందు అమెరికాలో స్థిరపడటానికి మన దేశం నుంచి కోటా ప్రకారం వెళ్ళగలిగింది ఏడాదికి దాదాపు వంద మందే. ఆ పాత కోటాల్ని తీసేసిన వలస చట్టం 1965లో వచ్చింది, అంతకు ముందు ఏడాదే, 1964లో, పౌరహక్కుల చట్టం వచ్చింది. రెండూ ఒకే గాలిలో వచ్చినవి. పుట్టుకని బట్టి మనుషుల్ని లెక్కగట్టడం తప్పని నల్లజాతి వాళ్ళు వీధుల్లోకి వచ్చి, దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి దేశం చేత ఒప్పించారు, ఆ తలుపు తెరుచుకున్నాకే మన డాక్టర్లు, ఇంజినీర్లు, ఎంవీపీ కాలనీలో ఇంటికొకరు చొప్పున అమెరికా వెళ్ళగలిగారు. "అక్కడ మన బావ ఇల్లు కొన్నాడంటే అందులో వాళ్ళ పోరాటం కూడా ఉంది పెద్దనాన్నా" అని నేను సూటిగానే చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, కానీ మళ్ళీ ఆ మాట నా ముందు అనలేదు.

రెండోది మా ఇంటికి సంబంధించింది, అందరికీ వర్తించకపోవచ్చు, అయినా చెప్తాను. మా తాతయ్యది విజయనగరం దగ్గర పల్లె. అక్కడి టీ కొట్టులో మా పేట వాళ్ళ గ్లాసులు వేరే, చూరులో దోపి ఉండేవి. తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. లోపల బల్లమీద కూర్చోడానికి లేదు. నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చాక మేం గాజువాక వచ్చాం, నేను ఆ గ్లాసులు చూడలేదు, విన్నాను అంతే. నాన్నకి గ్రీన్స్‌బరో గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ర్యాంకులూ జీతాలూ ఏవీ చెప్పలేదు. 1960 ఫిబ్రవరి 1న ఎ అండ్ టిలో మొదటి సంవత్సరం చదువుతున్న నలుగురు కుర్రాళ్ళు, ఎజెల్ బ్లేర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెక్‌కేన్, జోసెఫ్ మెక్‌నీల్, ఊళ్ళో వుల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకి మాత్రమే అని ఉంచిన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారని చెప్పాను. ఇవ్వలేదు. వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, అదే ఊళ్ళో ఆడపిల్లల హెచ్‌బీసీయూ అయిన బెన్నెట్ కాలేజీ నుంచి అమ్మాయిలొచ్చారు, వారం తిరిగేసరికి వందల మంది, తర్వాత పక్క ఊళ్ళు, పక్క రాష్ట్రాలు. జులై 25న ఆ కౌంటర్‌లో నల్లజాతి వాళ్ళకి వడ్డించారు. నాన్న అంతా విని, "ఆ కాలేజీయేనా నువ్వెళ్ళేది?" అని అడిగారు, అవునన్నాను, లోను కాగితాల మీద సంతకానికి రెడీ అయిపోయారు.

మా ఇంట్లో అంబేడ్కర్ ఫొటో ఉంటుంది. ఆయన 1946లో డబ్ల్యూ.ఈ.బి. డు బోయిస్‌కి ఉత్తరం రాశారు. డు బోయిస్ ఫిస్క్‌లో చదివి, అట్లాంటా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నల్లజాతి మేధావి. నల్లజాతి వాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ కాపీలు కావాలని, ఇక్కడి అంటరానివాళ్ళ పరిస్థితికీ అక్కడి వాళ్ళ పరిస్థితికీ ఎంతో పోలిక ఉందని అంబేడ్కర్ రాస్తే, డు బోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. గాంధీగారి వైపు నుంచి చెప్పాలన్నా ఉంది: హోవార్డ్ యూనివర్సిటీలో పనిచేసిన నల్లజాతి మతబోధకుడు హోవార్డ్ థర్మన్ 1936లో మన దేశం వచ్చి బార్డోలీలో ఆయన్ని కలిశారు, తర్వాత కింగ్ మీద థర్మన్ ప్రభావం చాలా ఉంది. మీ ఇంట్లో ఎవరి ఫొటో ఉంటే ఆ వైపు నుంచి మొదలుపెట్టండి.

భద్రత గురించి అమ్మలు అడుగుతారు, అడగడం న్యాయమే. క్యాంపస్ పోలీసులు ఉంటారు, రాత్రిపూట తోడుగా వచ్చే సర్వీసు చాలాచోట్ల ఉంటుంది, గది తీసుకునే ముందు ఆ వీధి గురించి అక్కడి సీనియర్లని అడగాలి. ఏ అమెరికా నగరానికైనా ఇవే జాగ్రత్తలు. నల్లజాతి వాళ్ళు ఎక్కువున్న చోటు కాబట్టి ప్రమాదం అనే లెక్కని మాత్రం ఒప్పుకోవద్దు.

యూనివర్సిటీ ఎంచుకోవడం

ముందు మీ సబ్జెక్టు, తర్వాతే పేరు. అన్ని హెచ్‌బీసీయూల్లోనూ ఎమ్మెస్, పీహెచ్‌డీ ఉండవు. మోర్‌హౌస్ మగపిల్లలకి, స్పెల్‌మన్ ఆడపిల్లలకి, రెండూ ప్రధానంగా డిగ్రీ చదువులకే. మాస్టర్స్, రీసెర్చ్ కావాలంటే పెద్దవాటిని చూడండి: గ్రీన్స్‌బరోలో ఎ అండ్ టి, వాషింగ్టన్‌లో హోవార్డ్, బాల్టిమోర్‌లో మోర్గన్ స్టేట్, టల్లహాసీలో ఫ్లోరిడా ఎ అండ్ ఎం, హ్యూస్టన్‌కి దగ్గర్లో ప్రెయిరీ వ్యూ, నాష్‌విల్‌లో టెనెసీ స్టేట్, అట్లాంటాలో క్లార్క్ అట్లాంటా, అలబామాలో టస్కీగీ. రీసెర్చ్‌లో అత్యున్నత స్థాయి అయిన ఆర్1 గుర్తింపు 2025లో హోవార్డ్‌కి వచ్చింది. ఇంజినీరింగ్ వాళ్ళు ఎ అండ్ టిని వదలకండి, దేశంలో నల్లజాతి ఇంజినీర్లని ఎక్కువమందిని తయారుచేసేది అదే. అంటే పెద్ద కంపెనీలు మనుషుల్ని వెతుక్కుంటూ క్యాంపస్‌కి వస్తాయి, ఆ కెరీర్ ఫెయిర్‌లో మీరూ నిలబడొచ్చు.

ర్యాంకింగ్ మీద ఎక్కువ ఆధారపడకండి. డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి ప్రొఫెసర్ల పేర్లు ఒక్కొక్కటీ చదవండి, ఎవరి ల్యాబ్‌లో ఏం పని జరుగుతోంది, ఈ రెండు మూడేళ్ళలో వాళ్ళు ఏం ప్రచురించారు, ఏ గ్రాంట్లు వచ్చాయి చూడండి. యూనివర్సిటీకి ప్రాంతీయ గుర్తింపు సంస్థ అక్రెడిటేషన్, ఇంజినీరింగ్ డిగ్రీ కోర్సుల్ని పరిశీలించి గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థ గుర్తింపు ఉన్నాయో లేదో చూసుకోండి. పబ్లిక్ యూనివర్సిటీ అయితే మీది బయటి రాష్ట్రం ఫీజు అవుతుంది, ఆ అంకెని యూనివర్సిటీ సైట్ నుంచే తీసుకోండి, ఎవరి నోటి మాటా నమ్మొద్దు.

కన్సల్టెన్సీ విషయం ఒక్కమాట. చాలామందికి హెచ్‌బీసీయూల గురించి తెలియదు, తెలిసినా కమిషన్ వచ్చే కాలేజీల వైపే లాగుతారు. వీసా ఫారాల్లో సాయం కావాలంటే తీసుకోండి, యూనివర్సిటీ ఎంపిక మాత్రం వాళ్ళ చేతిలో పెట్టకండి.

అప్లికేషన్

చేరాల్సిన ఆగస్టుకి ఏడాది ముందు మొదలుపెట్టండి. ముందు పాస్‌పోర్ట్, తర్వాత ట్రాన్‌స్క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు. ఏయూ వాళ్ళకి క్యాంపస్‌లోనే పని అయిపోతుంది, జేఎన్‌టీయూ కింద చదివిన వాళ్ళు కాకినాడ, విజయనగరం తిరగాల్సి రావొచ్చు, కాబట్టి ఎక్కువ సెట్లు ఒకేసారి తీయించుకోండి. కొన్ని యూనివర్సిటీలు మన మార్కుల్ని అమెరికా లెక్కలోకి మార్చి ఇచ్చే సంస్థ నుంచి రిపోర్టు అడుగుతాయి, దానికి వారాలు పడుతుంది. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అవసరమా కాదా అన్నది డిపార్ట్‌మెంట్‌ని బట్టి మారుతుంది, ఇంగ్లిష్ పరీక్షలైన టోఫెల్‌కో ఐఈఎల్‌టీఎస్‌కో మాత్రం సిద్ధంగా ఉండండి.

ప్రొఫెసర్లకి రాసే మెయిల్ మీదే అసిస్టెంట్‌షిప్, అంటే చదువుతూ యూనివర్సిటీలో చేసే జీతం పని, ఆధారపడుతుంది, దానికి సమయం పెట్టండి. ఏడెనిమిది వాక్యాలు చాలు. మీరెవరు, వాళ్ళ ఏ పేపర్ చదివారు, అందులో మీకు ఏ ప్రశ్న పుట్టింది, మీరు ఇక్కడ చేసిన ఏ పని దానికి దగ్గరగా ఉంది. నేను స్టీల్ ప్లాంట్‌లో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు రోలింగ్ మిల్లు దగ్గర బిల్లెట్లు ఎందుకు ఆగిపోతున్నాయో లెక్కగట్టిన ప్రాజెక్టు గురించి రాశాను, దాన్ని పట్టుకునే ఒక ప్రొఫెసర్ వీడియో కాల్‌లో మాట్లాడారు. ఒకే మెయిల్‌ని పేరు మార్చి యాభై మందికి పంపితే చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే పది రోజులాగి ఇంకోసారి రాయండి, అంతకు మించి వద్దు.

ఎస్‌ఓపీలో, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్తూ అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో, "ఈ యూనివర్సిటీయే ఎందుకు" అన్న భాగం హెచ్‌బీసీయూకి ప్రత్యేకంగా రాయాలి. కింగ్ పేరు, ఒబామా పేరు పెట్టి పొగడకండి. మీ సబ్జెక్టు రాయండి, ఆ సంస్థ చరిత్రలో మీకు నిజంగా తగిలిన విషయం ఏదైనా ఉంటే రెండు మూడు వాక్యాల్లో రాయండి, లేకపోతే రాయకండి. నేను రెండు గ్లాసుల సంగతి రాశాను, ఎందుకంటే అది మా ఇంటి సంగతి. మీకు లేని బాధని అరువు తెచ్చుకోవద్దు, వాళ్ళు నిజమైనదాన్ని బతుకంతా చూసినవాళ్ళు, తేడా పసిగడతారు.

అప్లికేషన్ ఫీజు మాఫీ అడిగితే ఇచ్చే చోట్లున్నాయి. గ్రాడ్యుయేట్ ఆఫీసుకి మర్యాదగా ఒక మెయిల్ రాస్తే పోయేదేమీ లేదు.

డబ్బు, ఐ-20, వీసా

రీసెర్చ్ లేదా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ వస్తే స్టైపెండ్ ఉంటుంది, ట్యూషన్‌లో ఎంత కవర్ అవుతుందో ఆఫర్ లెటర్‌లో అక్షరం అక్షరం చదవండి, హెల్త్ ఇన్సూరెన్స్, స్టూడెంట్ ఫీజులు చాలాసార్లు విడిగా ఉంటాయి. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీదున్న విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయాలి. విదేశీ చదువుకి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి ఉన్నాయి గానీ వాటికి యూనివర్సిటీ ర్యాంకు షరతులుంటాయి, మీరు ఎంచుకున్నది వాటిలోకి వస్తుందో లేదో అప్లై చేయకముందే చూసుకోండి.

అడ్మిషన్ వచ్చి, బ్యాంకు కాగితాలు పంపాక యూనివర్సిటీ నుంచి ఐ-20 వస్తుంది, వీసాకి కావాల్సిన కాగితం అదే. విదేశీ విద్యార్థుల వివరాలుంచే వ్యవస్థకి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు, మారితే అధికారిక సైట్‌లోనే తెలుస్తుంది. డీఎస్-160 అనే వీసా ఫారం మీరే నింపండి, లేదా పక్కనే కూర్చుని నింపించండి. వేలిముద్రలు, ఫొటో ఒక రోజు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఇంకో రోజు. ఇక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు గానీ అదే రోజు పొద్దున్న స్లాటు పెట్టుకోకండి, ముందు రోజే చేరుకుని నిద్రపోండి.

ఇంటర్వ్యూలో ఈ యూనివర్సిటీ ఎందుకని అడిగితే తడుముకోవద్దు. "ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ఫలానా ల్యాబ్, ఫలానా ప్రొఫెసర్, నా ప్రాజెక్టుకి దగ్గరగా ఉంది" అని సూటిగా చెప్పండి. హెచ్‌బీసీయూ అని తెలుసా అంటే తెలుసని, తెలిసే ఎంచుకున్నానని గర్వంగా చెప్పండి.

చేరాక

వెళ్ళగానే మన తెలుగువాళ్ళ ఫ్లాట్ ఒకటి దొరుకుతుంది, పప్పుచారు దొరుకుతుంది, శనివారం కేరీలోని వెంకటేశ్వరస్వామి గుడికి కారు దొరుకుతుంది, అన్నీ మంచివే. కానీ రెండేళ్ళూ ఆ ఫ్లాట్‌కీ ల్యాబ్‌కీ మధ్యే తిరిగితే హెచ్‌బీసీయూలో చదివినట్టు కాదు. క్యాంపస్ మధ్య మైదానాన్ని యార్డ్ అంటారు, మధ్యాహ్నాలు అక్కడ కూర్చోండి. ఎదురైన వాళ్ళని పలకరించండి, దక్షిణాదిలో పలకరించకుండా పోతే తల పొగరనుకుంటారు. పెద్దవాళ్ళకి "యెస్ మేమ్, యెస్ సర్" అనాలి, అది మనకి కొత్తేం కాదు. మెస్‌లో వడ్డించే ఆవిడ నన్ను మొదటి వారంలోనే "బేబీ" అని పిలిచి, తిన్నావా లేదా అని అడిగేది. చలికాలం సెలవులకి అందరూ ఇళ్ళకి పోయి క్యాంపస్ ఖాళీ అయినప్పుడు తన ఇంటికి భోజనానికి పిలిచింది. నేను ఆవిడకి ఏమీ కాను. ఆ ఊళ్ళో నాకు ఇల్లంటూ ఉందనిపించింది ఆ రోజే.

తిండి గురించి: బెండకాయ అక్కడి వంటల్లో చాలా ఉంటుంది, అసలు అది ఆఫ్రికా నుంచే లోకమంతా పాకిందంటారు. జనవరి 1న బొబ్బర్లు, ఆకుకూర తప్పకుండా వండుకుంటారు, ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. శాకాహారులు మాత్రం ఆకుకూరైనా సరే అడిగి తినండి, కొలార్డ్ ఆకుల్ని ఎక్కువగా పంది మాంసంతోనో టర్కీతోనో ఉడికిస్తారు.

అక్టోబర్‌లో హోమ్‌కమింగ్. పైడితల్లి సిరిమానుకి ఊరు విడిచిపోయిన వాళ్ళంతా విజయనగరం తిరిగొచ్చినట్టు, పాత విద్యార్థులు, డెబ్బై ఏళ్ళ వాళ్ళు కూడా, పిల్లల్ని మనవల్ని వెంటబెట్టుకుని వస్తారు. నీలం, పసుపు బంగారు రంగుల్లో ఊరు నిండిపోతుంది. ఫుట్‌బాల్ అర్థం కాకపోయినా పర్లేదు, విరామంలో బ్లూ అండ్ గోల్డ్ మార్చింగ్ మెషీన్ బ్యాండ్ మైదానంలోకి దిగుతుంది, దాని కోసమైనా వెళ్ళండి. మా యూనివర్సిటీ వాళ్ళని ఆగీలంటారు, ఎవరైనా "ఆగీ!" అని అరిస్తే "ప్రైడ్!" అని జవాబివ్వాలి. మొదట మొహమాటంగా ఉంటుంది, తర్వాత విమానాశ్రయంలో టీషర్టు చూసి ఎవరో అరిస్తే మనకే తెలియకుండా నోట్లోంచి వచ్చేస్తుంది.

చేయకూడనివి కొన్ని. ఎవరి జుట్టూ ముట్టుకోకండి, "ముట్టుకోవచ్చా" అని అడగడం కూడా వద్దు. పాటలో ఉంది కదా అని నల్లజాతి వాళ్ళని అవమానించే ఆ ఒక్క తిట్టుపదం మీరు పలకకండి, ఎంత దగ్గరి స్నేహితుల మధ్యైనా సరే. ఫ్లాట్‌లో తెలుగులో మాట్లాడుకుంటున్నాం కదా అని వాళ్ళని చిన్నచూపుగా అనే మాటలు ఎవరైనా అంటే అక్కడే ఆపండి. క్యాంపస్‌లో రంగులేసిన రాళ్ళు, బెంచీలు, చెట్లతో ప్రత్యేకంగా కట్టిన చోట్లు కనిపిస్తే అవి వాళ్ళ ఫ్రెటర్నిటీ, సొరోరిటీల, అంటే మగపిల్లల, ఆడపిల్లల సంఘాల ప్లాట్లు. సభ్యులు కానివాళ్ళు వాటి మీద నడవకూడదు, కూర్చోకూడదు. వాళ్ళు వరసగా అడుగులేస్తూ స్ట్రోల్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, సరదాకి వరసలో దూరకండి. చాలావరకు వందేళ్ళు దాటిన సంఘాలవి, మొదటి నల్లజాతి మహిళా సంఘం హోవార్డ్‌లో 1908లో మొదలైంది.

కొన్ని భవనాలు పాతవిగా ఉండొచ్చు, కొన్ని ఆఫీసుల్లో మనుషులు తక్కువగా ఉండి పని నెమ్మదిగా జరగొచ్చు. చిరాకు పడేముందు కారణం తెలుసుకోండి. 1890 చట్టం కింద వచ్చిన హెచ్‌బీసీయూలకి రాష్ట్రాలు సరిగ్గా నిధులివ్వలేదని, మూడు దశాబ్దాల్లో ఆ లోటు 1,200 కోట్ల డాలర్లకి పైగా ఉందని 2023లో అమెరికా విద్య, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. ఒక్క ఎ అండ్ టికే దాదాపు 200 కోట్ల డాలర్లు. అంత లోటులో కూడా మీకో నాకో ల్యాబ్‌లో సీటు, స్టైపెండ్ ఇస్తున్నారంటే దాని విలువ తెలియాలి.

కృతజ్ఞత ఎలా చూపించాలి

ఫిబ్రవరి 1న క్యాంపస్‌లో ఏటా కార్యక్రమం ఉంటుంది. ఆ నలుగురి విగ్రహాలు క్యాంపస్‌లోనే ఉన్నాయి, ఆ రోజు చలిగా ఉన్నా వెళ్ళండి. వుల్‌వర్త్ దుకాణం ఉన్న సౌత్ ఎల్మ్ స్ట్రీట్ భవనం 2010 నుంచి పౌరహక్కుల మ్యూజియం, ఆ కౌంటర్, ఆ స్టూళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా కంటే ముందు అక్కడికి తీసుకెళ్ళండి. నాన్న వచ్చినప్పుడు నేను తీసుకెళ్ళాను, గైడ్ చెప్పేదంతా నాన్నకి తెలుగులో చెప్తూ ఉంటే మాతో ఉన్న ఒక పెద్దాయన ఏ ఊరు మీది అని అడిగి, తాతయ్య గ్లాసు సంగతి నాన్న నోట విని, ఆయన చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మీకు తెలిసిన విద్య పంచండి. లెక్కలు బాగా వచ్చు కదా, ట్యూటరింగ్ సెంటర్‌లో పేరు రాయించుకోండి. ప్రొఫెసర్‌కి, గ్రాడ్యుయేట్ ఆఫీసులో మీ ఫైలు కదిపిన ఆవిడకి, హాస్టల్ తుడిచే ఆయనకి వెళ్ళేముందు పేరు పెట్టి ఉత్తరం రాయండి, మెయిల్ కాదు, చేతిరాతతో. ఏం సాయం చేశారో ఆ సాయం రాయండి, ఉత్తినే థాంక్స్ అని కాదు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతం నుంచే ఎంతో కొంత పాత విద్యార్థుల నిధికి పంపండి. పెద్ద విరాళాలు వస్తూనే ఉంటాయి, అమెరికా దాత మెకెంజీ స్కాట్ 2020లో ఎ అండ్ టికి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చారు, కానీ ఎంతమంది పాత విద్యార్థులు ఇస్తున్నారన్నది కూడా యూనివర్సిటీకి ముఖ్యమే, పాతిక డాలర్లయినా మీరు ఆ లెక్కలోకి వస్తారు. మీ కంపెనీ ఉద్యోగుల కోసం వెతుకుతుంటే కెరీర్ ఫెయిర్‌కి మీరే వెళ్ళండి, అటువైపు బల్ల దగ్గర కూర్చోండి.

సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు మీరు చదివిన కాలేజీలో, మీ ప్రాంతంలోని సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒక సాయంత్రం అడిగి పెట్టించుకోండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి డిపార్ట్‌మెంట్ పేజీ ఎలా చదవాలో, ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలో, ఫీజు మాఫీ ఎలా అడగాలో వాళ్ళ కళ్ళముందే చేసి చూపించండి. పాస్‌పోర్ట్ లేని వాళ్ళ పేర్లు రాసుకుని, ఆ అప్లికేషన్ అక్కడే కూర్చుని నింపించండి. సగం మంది ఆగిపోయేది ఆ మొదటి కాగితం దగ్గరే.